అంచనాలో కాపురం

నాగవేణి రాసిన ప్రోగ్రాం ఒక ఇంటికి ఎంత ఖర్చవుతుందో లెక్క కట్టి చూపించిన రోజే ఆ కుటుంబం సామాన్లు సర్దుకుని ఆ లెక్కలోకి కాపురం మారిపోయింది. ఇల్లు కట్టలేదు. కట్టాలని ఎవరికీ తోచలేదు కూడా. ఆ ఊళ్లో అప్పటికే సగం మంది అంచనాల్లోనే ఉంటున్నారు.

సముద్రం పక్కనున్న ఊరది. పునాదుల దగ్గరే ఆగిపోయిన ఇళ్లు వీధికి నాలుగైదు కనిపించేవి. ఇల్లు పూర్తయ్యాకే గృహప్రవేశం అంటే చాలామందికి ఆయుష్షు చాలడం లేదని గమనించి, పురపాలక సంఘం వారు నిబంధన సవరించారు. అంచనా తయారైతే చాలు, అందులో కాపురం పెట్టుకోవచ్చు. కుళాయి ఇస్తారు, ఇంటి నంబరు వేస్తారు, పన్ను మామూలే. మొదట్లో కాగితం మీద వేసిన అంచనాలను కూడా ఒప్పుకున్నారు గానీ, అవి వానాకాలంలో కారుతున్నాయని ఫిర్యాదులు రావడంతో కంప్యూటర్ ప్రోగ్రాం అయితేనే అనుమతి అన్నారు. డబ్బున్నవాళ్లు ఇంజనీరు చేత రాయించుకున్నారు. లేనివాళ్లు నేర్చుకుని రాసుకోవాలి.

నాగవేణి అందుకే కోర్సులో చేరింది. బీకాం చదివి, పెళ్లయ్యాక జాకెట్లు కుట్టుకుంటూ ఉండేది. భర్త త్రిమూర్తులు చేపలరేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో మెషిన్ చూసుకునేవాడు. అతని తల్లి మరిడమ్మతో కలిపి ముగ్గురూ మార్కెట్ వెనక రేకుల గదిలో అద్దెకుండేవారు. ఆ గదిలో మరిడమ్మ కాళ్లు చాపుకుంటే తలుపు మూతపడేది కాదు. తలుపు వేస్తే ఆవిడ ముడుచుకోవాలి. పెళ్లయిన కొత్తలో నాగవేణి సిగ్గుపడి తలుపు వేయమనేది. తర్వాత ఆవిడ మోకాళ్లు చూసి, తీసే ఉంచడం అలవాటు చేసుకుంది.

లైబ్రరీ పై అంతస్తులో ఇజ్రాయేలు మాస్టారు కోర్సు చెప్పేవారు. మొదటి అభ్యాసం అందరికీ ఒకటే. ఇంటి పొడవు అడగాలి, వెడల్పు అడగాలి, చదరపు అడుగుకి రేటు అడగాలి, గుణించి చూపించాలి. నాగవేణి ముందు హాలు పొడవు, వసారా పొడవు విడిగా అడిగి రెండూ కలపమని రాసింది. హాలు పది అడుగులు, వసారా పన్నెండు. ప్రోగ్రాం పది పక్కన పన్నెండు పెట్టి, ఇల్లు వెయ్యిన్ని పన్నెండు అడుగులుందని చెప్పింది.

వాళ్లు దిగింది ఆ ఇంట్లోకే. వసారా చేపల మార్కెట్ మధ్యగా వెళ్లి రైల్వే గేటు దాటింది. మరిడమ్మ మిరపకాయలు ఎండబెట్టడానికి అవతలి కొసకి పొద్దున్నే బయలుదేరేది. గేటుమాన్ ఒకరోజు వచ్చి, గూడ్సు బండి వచ్చే వేళకి వసారాలో ఆరేసిన దుప్పట్లు కాస్త తీయించమని మర్యాదగా అడిగి వెళ్లాడు.

"కంప్యూటరుకి అంకేదో అక్షరమేదో మనమే చెప్పాలమ్మా," అన్నారు మాస్టారు ప్రోగ్రాం చూసి. "చెప్పకపోతే పక్కపక్కన పెట్టేసి ఊరుకుంటది. దానికి ఇల్లంటే ఏంటో తెలీదు కదా."

నాగవేణి దిద్దింది. ఇల్లు ఇరవై రెండు అడుగులకి వచ్చింది. మరిడమ్మకి కొంచెం బాధేసింది గానీ, గది మధ్యలో కాళ్లు చాపుకుని పడుకుని చూసుకుంది. తలుపు మూతపడింది. ఆవిడ ఆ మధ్యాహ్నం చాలాసేపు అలాగే పడుకుని కప్పు వంక చూస్తూ ఉండిపోయింది.

చిక్కు రేట్ల దగ్గర వచ్చింది. సిమెంటు, ఇసుక, ఇనుము రేట్లు రోజూ టిఫిన్ల వేళ దాటాక పురపాలక సంఘం వారు పంపేవారు. అవి అందగానే ఊళ్లో ప్రోగ్రాములన్నీ వాటంతటవే మళ్లీ లెక్క కట్టుకుంటాయి. నాగవేణి ప్రోగ్రాంలో వాళ్ల డబ్బు ఎంతో ఒక వరుసలో రాసి ఉంది. ఖర్చు ఆ డబ్బు దాటిపోతే, దాటనంత వరకూ పొడవులో ఒక్కో అడుగూ తగ్గించుకుంటూ పొమ్మని కింద వరుసలో రాసింది. ఈ పద్ధతి చూసి మాస్టారు క్లాసులో అందరికీ చూపించి మెచ్చుకున్నారు కూడా. చాలా మందికి అంత తొందరగా రాదన్నారు.

దాంతో ఇల్లు కదలడం మొదలైంది. ఇనుము పెరిగితే వంటగది జరిగేది. సిమెంటు తగ్గిన రోజు తిరిగి వచ్చేది, కానీ సరిగ్గా పాత చోటుకి కాదు. ముగ్గురూ గోడలకి ఎడంగా ఉండటం నేర్చుకున్నారు. మేకులు కొట్టడం మానేశారు. టిఫిను నిలబడే తినేవారు. రేట్లు వచ్చే వేళకి త్రిమూర్తులు గది మధ్యలో నిలబడి, గోడల వంక అటూ ఇటూ చూస్తూ, అవి ఆగాక చొక్కా వేసుకుని డ్యూటీకి వెళ్లేవాడు. ఫ్యాక్టరీలో కూడా ఏదైనా మెషిన్ ఆగితే ముందు గోడ వంక చూడటం అలవాటైపోయింది.

పక్క ఇల్లు వరాహమూర్తి గారిది. ఇరిగేషన్లో పనిచేసి రిటైరయ్యారు. ఆయన అంచనా ఇంజనీరు రాసినది. అనుకోని ఖర్చులకని అందులో ముందే కొంత వదిలి పెట్టారు. అందువల్ల ఆయన గోడలు లోపలికి రావు. పైగా పక్కింటి గోడ జరిగినప్పుడు ఖాళీ అయిన జాగా ఆయన లెక్కలో కలుస్తుంది. ఆయనేమీ అడగలేదు. ప్రోగ్రాం అలా రాసి ఉంది.

ఏటి ఇసుక తవ్వకం ఆపేశారన్న రోజున ఇసుక రేటు ఒక్కసారిగా ఎగిరింది. ఆ వేళకి మరిడమ్మ ఏమరుపాటున ఉత్తరం గోడకి దగ్గరగా కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. ఆవిడ వెనకున్న గోడ ముందుకొచ్చింది. చప్పుడు కాలేదు, ఆవిడకి తగల్లేదు. పెరట్లోంచి నాగవేణి చెయ్యి తుడుచుకుంటూ వచ్చేసరికి అత్తగారు కూర్చున్న చోట గోడ ఉంది.

త్రిమూర్తులు చొక్కా సగం తొడుక్కుని పరిగెత్తుకొచ్చి గోడ మీద చేత్తో కొట్టాడు.

"అమ్మా! ఎక్కడున్నావే?"

"ఇక్కడే ఉన్నాన్రా. బియ్యం ఏరుతున్నాను. మీరే కనపట్టం లేదు."

"గోడవతల పడిపోయావే!"

"నేనెక్కడికీ కదల్లేదురా. చేట కూడా ఎక్కడిదక్కడే ఉంది."

అవతలి నుంచి వరాహమూర్తి గారి గొంతు వినిపించింది. "కంగారు పడకయ్యా. మా లెక్కలో ఒక మనిషి ఎక్కువైనా ఇబ్బందేం లేదు. అక్కయ్య గారికి కాఫీ ఇమ్మన్నాను."

వార్డు ప్లానింగ్ సెక్రటరీ నూకరత్నం వచ్చి రెండు వైపులా టేపు పట్టి కొలిచింది. పాతికేళ్ల పిల్ల. ఎండలో తిరిగి తిరిగి ముఖం వాడిపోయి ఉంది. కొలతలు రెండోసారి చూసుకుని చెప్పింది.

"మనిషి కదల్లేదండి, గోడ కదిలింది. కాబట్టి ఇది మనిషి తప్పిపోయిన కేసు కిందకి రాదు. ఆవిడ ఇప్పుడు పక్కింటి సభ్యురాలండి."

"వాళ్ల గుమ్మంలోంచి బయటికొచ్చి మా గుమ్మంలోంచి లోపలికి రావచ్చు కదమ్మా?" అన్నాడు త్రిమూర్తులు.

"రావచ్చండి, ఎందుకు రాకూడదు? చుట్టంలా వస్తారు. సాయంత్రం వెళ్లిపోవాలి. మీ కొలతలో ఇప్పుడు ఇద్దరికే జాగా ఉంది కదండీ."

మరుసటి రోజు నుంచి మరిడమ్మ చుట్టంలా వచ్చేది. వచ్చేటప్పుడు గుమ్మం బయట చెప్పులు విప్పి, లోపలికి రావచ్చా అన్నట్టు ఒక క్షణం ఆగేది. నాగవేణి ఆవిడకి చుట్టాలకిచ్చే స్టీలు గ్లాసులో కాఫీ ఇచ్చేది. ఏ గ్లాసులో ఇవ్వాలో మొదటి రోజు ఇద్దరికీ తెలియలేదు. ఆవిడ తను రోజూ తోమే గిన్నెల వైపు చూసేది గానీ ముట్టుకునేది కాదు. చుట్టం గిన్నెలు తోమితే బాగుండదు కదా. వరాహమూర్తి గారింట్లో బాగా చూసుకుంటున్నారని, మంచం వేశారని, కాళ్లు చాపుకుంటే గోడకి ఇంకా బోలెడు ఎడం ఉంటుందని చెప్పేది. చెబుతూ కొడుకు ముఖంలోకి చూసేది కాదు. సాయంత్రం లేచి, "వస్తానమ్మా," అని కోడలికి చెప్పి వెళ్లేది. ఒకరోజు కొడుక్కి కూడా "వస్తానండీ," అంది, పొరపాటున.

ఆ మాట విన్నాక త్రిమూర్తులు అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు.

"ఆ డబ్బు వరుస మార్చు," అన్నాడు భార్యతో.

"డబ్బు ఉన్నంతే కదండీ ఉంది. మారిస్తే ఎక్కణ్ణించి వస్తది?"

"మీ మాస్టార్ని అడుగు."

ఇజ్రాయేలు మాస్టారు ప్రోగ్రాం చదివి కళ్లద్దాలు తీశారు. ఆయన కూడా అంచనాలోనే ఉంటారు. గోడలు ఎంత దగ్గరికొచ్చాయో ఏమో, ఈ మధ్య క్లాసు అయిపోయినా లైబ్రరీ మూసేదాకా కదలడం లేదు.

"డబ్బు అని ఒక అంకె వేసి వదిలేశావమ్మా. డబ్బు అంకె కాదు. అది గంటలు. రోజుకి మీ ఆయన ఎన్ని గంటలు పనిచేస్తాడో అడిగి, గంట కూలితో గుణించి, దాన్ని డబ్బు అనుకోమని రాయి. అప్పుడు గంటలు పెంచితే గోడ వెనక్కి పోతది."

ఆ సవరణ రెండు వరుసలే, నాగవేణి ఇంటికొచ్చి రాసింది. త్రిమూర్తులు పక్కనే నిలబడ్డాడు. ప్రోగ్రాం అడిగింది: రోజుకి ఎన్ని గంటలు?

"ఎంత వెయ్యమంటారు?" అంది నాగవేణి.

"అమ్మ ఇవతలకి వచ్చేదాకా వెయ్యి."

ఆమె ఒక్కో గంటా పెంచుకుంటూ పోయింది. గోడ ఒక్కో అడుగూ వెనక్కి నడిచింది. గంటలు రెండు షిఫ్టులు దాటే వేళకి, గోడ కింద నుంచి ముందు చేట అంచు, తర్వాత అవతల కూర్చుని బియ్యం ఏరుతున్న మరిడమ్మ మోకాళ్లు, తర్వాత ఆవిడ మొత్తం బయటపడింది. ఆవిడ తలెత్తి, కోడల్నీ కొడుకునీ చూసి, "అమ్మయ్య," అంది. లేచి నేరుగా వంటింట్లోకి వెళ్లి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. నాగవేణి వద్దని ఆపబోయి, ఆగి, పక్కన కూర్చుని తనూ తోమింది. ఇద్దరూ నవ్వుకున్నారు. త్రిమూర్తులు గుమ్మంలో నిలబడి ఆ చప్పుడు కాసేపు విన్నాడు. ఫ్యాక్టరీ సైరన్ మోగింది. రెండో షిఫ్టు.

ఆ రోజు నుంచి అతను ఇంటికి రావడం తగ్గింది. వచ్చినా బూట్లతోనే కునికిపాట్లు పడి లేచి వెళ్లిపోయేవాడు. మరిడమ్మ అతని కోసం కంచంలో పెట్టి మూత పెట్టిన అన్నం, పొద్దున్న తనే తినేది. గోడవతల ఉన్నప్పుడు సాయంత్రాలన్నా కొడుకు కనిపించేవాడని ఒకసారి అంది. అని, పెద్ద తప్పు మాట అన్నట్టు చెయ్యి అడ్డం పెట్టుకుంది.

సిమెంటు మళ్లీ పెరిగింది. త్రిమూర్తులు ఇవ్వడానికి ఇంక గంటలు లేవు. రోజుకి ఇరవై నాలుగు దాటి వేస్తే ప్రోగ్రాం ఒప్పుకోదు, ఆ షరతు నాగవేణి స్వయంగా రాసింది. అందుకని ప్రోగ్రాంలో తన పేరు కూడా కలిపింది. కొత్తగా చేరినవాళ్లు రాసిన ప్రోగ్రాములు దిద్దే పని మాస్టారు ఇప్పించారు. పగలంతా పరాయి వాళ్ల వంటగదులూ మెట్లూ దిద్దేది. ఒకావిడ తన ఇంటికి తలుపు రాయడం మరిచిపోయి, పిల్లల్ని కిటికీలోంచి స్కూలుకి పంపుతున్నానని చెప్పింది. నాగవేణి తలుపు రాసిచ్చింది. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది.

"మరి నాకెందుకు గంటలు వెయ్యవు?" అంది మరిడమ్మ ఒకనాడు. "రొయ్యల షెడ్డులో మనుషులు కావాలంటున్నారు. ఒలవడం నాకొచ్చిన పనే."

"మీరు కాళ్లు చాపుకుని పడుకుంటారనే కదత్తయ్యా ఇదంతా."

"పడుకుంటానులే. గోడ ఆగాక పడుకుంటాను. ఏవమ్మా, రేపొద్దున్న మళ్లీ ఇసుక పెరిగితే నన్ను మళ్లీ ఆ పెద్దాయన ఇంటికి పంపుతావా? ఆళ్లు మంచోళ్లే గానీ, ఆ ఇంట్లో దగ్గాలన్నా భయమేసేది."

నాగవేణి మూడో పేరు కలిపింది.

ముగ్గురి గంటలూ కలిసేసరికి ఇల్లు నిలదొక్కుకుంది. అనుకోని ఖర్చులకని వరాహమూర్తి గారి మాదిరి కొంత వదిలిపెట్టే వీలు కూడా కలిగింది. గోడలు కదలడం మానేశాయి. తర్వాత మెల్లగా బయటికి జరగడం మొదలుపెట్టాయి. మేడ మీద గది వచ్చింది. తూర్పు వైపు కిటికీ వచ్చింది. అందులోంచి సముద్రం కనిపిస్తుందని ప్రోగ్రాం చూపించింది. చూసినవాళ్లు లేరు. నూకరత్నం తనిఖీకి వచ్చినప్పుడల్లా తాళం వేసి ఉండేది. ఆమె కిటికీలోంచి తొంగి చూసి, నేల మీద ఒక్క అడుగు జాడా లేకపోవడం చూసి, నిర్వహణ బాగుందని రాసుకుని వెళ్లేది. మిగతా వార్డుల వాళ్లకి ఆ ఇంటిని ఉదాహరణగా చెబుతున్నారని ఒకసారి నాగవేణికి ఫోన్ చేసి అభినందించింది కూడా.

ముగ్గురూ కలుసుకునేది రేవు బస్టాండులో. త్రిమూర్తులు ఒక షిఫ్టు దిగి ఇంకోటి ఎక్కే మధ్య, మరిడమ్మ పగటి పని ముగించి రాత్రి షెడ్డు బస్సు ఎక్కబోయే ముందు, నాగవేణి లైబ్రరీ నుంచి ఇంకో సెంటరుకి మారేటప్పుడు, సాయంత్రం కాసేపు ఖాళీ దొరికేది. అక్కడొక సిమెంటు బెంచీ ఉంది. టిఫిన్ బాక్సులు మధ్యలో పెట్టుకుని ముగ్గురూ దాని మీద కూర్చునేవారు. మరిడమ్మ చేతులకి రొయ్యల వాసన. త్రిమూర్తులు వేళ్లు ఐసుకి తెల్లబడి ఉండేవి. ఆవిడ వాటిని తన కొంగులో చుట్టి పట్టుకునేది.

"ఇల్లెలా ఉందమ్మా?" అని అడిగేది కోడల్ని.

నాగవేణి ఫోన్ తీసి చూపించేది. మేడ మీద గది ఇంకో అడుగు పెరిగిందనేది. అందరూ వంగి చూసేవారు.

ఒక సాయంత్రం ఆమె ఫోన్ చూపించకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఆపేద్దామాండీ?" అంది. "ప్రోగ్రాం ఆపెయ్యడం ఒక్క నిమిషం పని. మీరు ఒక్క షిఫ్టే చెయ్యొచ్చు. అత్తయ్య ఆ షెడ్డుకి వెళ్లక్కర్లేదు."

"ఆపేసి ఎక్కడికెళ్దాం? ఆ రేకుల గది అద్దె ఇప్పుడెంతో తెలుసా?"

"ఎంత?"

త్రిమూర్తులు చెప్పాడు. నాగవేణి మనసులో ముగ్గురి గంటలూ కలిపి చూసుకుంది. ఇంకా కొన్ని తక్కువ పడ్డాయి. మరి ఆ మాట ఎత్తలేదు. మరిడమ్మ మూత తీసి, అందరికీ తలో ముద్దా కలిపి పెట్టింది.

అప్పుడే నూకరత్నం వచ్చింది. చేతిలో టేపు ఉంది. మొహమాటంగా నిలబడింది.

"భోంచేయండి, భోంచేయండి. తొందరేం లేదు. మేడం, మీరు రోజూ ఇక్కడ కూర్చుంటున్నారని రాసి పంపారండి ఎవరో. కొత్త సర్క్యులర్ వచ్చింది. ఒక కుటుంబంలో వాళ్లంతా ఏ చోట కలిసి భోంచేస్తే ఆ చోటునే నివాసం అనుకోవాలి. అంటే మీ నివాసం ఇదండి."

"మరి ఆ ఇల్లు?" అన్నాడు త్రిమూర్తులు.

"అదీ మీదేనండి. దాని గంటలు దానివే. దీనికి వేరే అంచనా పెట్టుకోవాలి. పెట్టకపోతే ఇది ఆక్రమణ కిందకి వస్తుంది." గొంతు తగ్గించింది. "నన్నేమీ అనుకోకండి. మాదీ రెండో ప్లాట్‌ఫారం బెంచీ. నిన్ననే పెట్టాను."

ఆమె బెంచీ ఈ కొస నుంచి ఆ కొసకి టేపు లాగింది. మరిడమ్మ వీలుగా కాస్త జరిగింది. నాగవేణి చెయ్యి కడుక్కుని, ఫోన్ తీసి, కొత్త ప్రోగ్రాం మొదలుపెట్టింది. ఇప్పుడు ఆమెకి ఇవన్నీ చూడకుండానే వచ్చేస్తున్నాయి. అంకెలని అంకెలుగా చెప్పింది. గంటల వరుస రాసింది. ముగ్గురి పేర్లూ చేర్చింది. ఇవ్వడానికి ముగ్గురి దగ్గరా మిగిలినవి సాయంత్రం ఇక్కడ కూర్చునే ఆ కొద్ది నిమిషాలే. అవే వేసింది. ప్రోగ్రాం లెక్క కట్టి, బెంచీ ఇద్దరికి సరిపోతుందని చూపించింది.

మరిడమ్మ లేవబోయింది. త్రిమూర్తులు ఆవిడ భుజం పట్టి కూర్చోబెట్టాడు.

"నువ్వు కూర్చోవే. పొద్దున్నుంచీ కూర్చునే రొయ్యలు ఒలిచావు, నడుం పట్టేసుంటది. నేను నిలబడతాను."

"నువ్వు నిలబడే పని చేసొచ్చావురా. నేను నిలబడతాను."

"రోజుకొకళ్లం నిలబడదాం," అంది నాగవేణి. "వంతులు వేసుకుందాం. ఇవాళ నేను."

అది ముగ్గురికీ బాగానే అనిపించింది. నాగవేణి లేచి, బెంచీకి ఆనుకోకుండా నిలబడి, తన ముద్ద తిన్నది. నూకరత్నం టేపు చుట్టుకుని, ఎదురు ప్లాట్‌ఫారం మీద వాళ్లమ్మ పిలుస్తుంటే అటు వెళ్లింది. ముందు మరిడమ్మ బస్సు వచ్చింది.